దుంకుడు బండ ఆగిందని అర్జీ

నేను ముక్కోపిని. ముందే ఒప్పుకుంటున్నాను. సుందర్‌రాజు విషయంలో ఆ కోపమే నా కళ్ళు కప్పింది.

బొల్లారంలో మాది మందులు తయారుచేసే కంపెనీ. ఎండిన మందు గడ్డలను పొడి చేసే మిషన్ ఒకటి ఉండేది. అందరం దాన్ని గిర్ని అనేవాళ్ళం. ఎనభై ఆరులో నేను చేరేనాటికే సుందర్‌రాజు దాని మీద పాత ఆపరేటర్. గిర్ని తిరుగుతుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు కాబట్టి అక్కడ మాటలన్నీ చేతులతోనే. గుప్పిట బిగిస్తే ఆపు, వేలు గుండ్రంగా తిప్పితే నడుపు, బొటనవేలు నోటికి చూపిస్తే చాయ్.

వానాకాలం వస్తే చాలు, ఆదివారం చర్చి అవగానే మనిషి మాయం. జిన్నారం అవతల గుట్టల్లో పడి నడిచేవాడు. ఆ గుట్టల నడుమ వానలకు మాత్రమే దూకే ధార ఒకటుంది. జలపాతమని మనం పుస్తకాల్లో రాసుకోవాల్సిందే, అక్కడివాళ్ళకు అది దుంకుడు బండ. ఎనభై ఎనిమిదిలో ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. సీతాఫలం పొదలు, పాచి పట్టిన నల్లరాళ్ళు, రెండు గంటల నడక. నా చెప్పు తెగింది, మోకాలు దోక్కుపోయింది. దారంతా అతన్ని తిడుతూనే ఉన్నాను.

నిలువునా చీలిన పెద్ద రాతి గుండు ఒకటి వచ్చింది. అక్కడ ఆగి చెయ్యెత్తాడు.

"ఈడ ఆగి ఇనాలె తమ్మీ. సప్పుడైతేనే దిగాలె, లేకుంటె వాపస్ పోవాలె. మేకలు కాసేటోళ్ళ కాయిదా ఇది. మా నాయిన చెప్పిండు."

ఆ నియమం ఊరికే పెట్టలేదు. అక్కడినుంచి దిగుడు మరీ అధ్వానం. నీళ్ళు లేనప్పుడు కాళ్ళు విరగ్గొట్టుకోవడం ఎందుకని. నీళ్ళు పోయే వాగు కూడా గుట్టకు అవతలి పక్క, దారిలో కనిపించదు. ఆ రోజు చప్పుడు గట్టిగానే వినిపించింది. దిగాం. ముప్పై అడుగుల ఎత్తునుంచి నీళ్ళు దూకుతుంటే అతను కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చున్నాడు.

"వారమంత గిర్ని మోత ఇని, ఆదివారం నీళ్ళ మోత ఇంటవా? నీకేమన్న పిచ్చా సుందరన్నా?" అన్నాను.

"ఇది ఇంటెనే అది పోతది తమ్మీ. ఇంటికి పోయినా గిర్ని నా చెవుల తిరుగుతనే ఉంటది. నీకు తిరగదా?"

తిరగదన్నాను. నవ్వాడు.

తొంభై రెండులో అతని భార్య సాయమ్మ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. కిరాయి గదిలో ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాతే మనిషి మారాడనుకున్నాం. పిలిస్తే పలికేవాడు కాదు. మా చెల్లె పెళ్ళి పత్రిక ఇద్దామని బస్టాపులో మూడుసార్లు పిలిచాను. తల తిప్పకుండా కంపెనీ బస్సెక్కి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'అబ్బో, ఏం పొగరు! పిలిచేటోనికి సిగ్గుండాలె' అని పత్రిక చింపేశాను. అలాంటివి తలా ఒకటి జరిగాయి. తొంభై నాలుగు వచ్చేసరికి అతన్ని పిలవడం అందరం మానేశాం. క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. అతనూ ఎవరినీ పలకరించేవాడు కాదు.

తొంభై ఏడు ఆషాఢంలో, ఒక సోమవారం, తనే నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తమ్మీ, దుంకుడు బండ దుంకుత లేదు. పోయినేడు గంతే, ఈయేడు గంతే. గుండుకాడ నిలబడి నిలబడి వాపస్ వస్తున్న. పైన క్వారీ వాళ్ళు నీళ్ళు మలిపినట్టున్నరు. సాయమ్మ పోయినంక నాకు ఆ సప్పుడొక్కటే ఉండె. అది గూడ గుంజుకున్నరు."

ఆ ఏడు వానలు దంచికొట్టాయి, చెరువులన్నీ నిండి మత్తడి దూకుతున్నాయి. దుంకుడు బండ ఒక్కటే ఎలా ఆగిందని నేనొక్క క్షణమైనా ఆలోచించలేదు. క్వారీ మాట వినగానే రక్తం ఉడికింది. ఆ రాత్రే కూర్చుని మండలాఫీసుకు అర్జీ రాశాను. నలభై రెండు సంతకాలు పోగుచేశాను. అంతమందిలో ఒక్కరం కూడా గుట్ట ఎక్కి చూడలేదు.

శ్రావణంలో మండలాఫీసు నుంచి విచారణకు గిర్దావర్ వచ్చాడు. పొట్ట మనిషి, చేతిలో గొడుగు. సుందర్‌రాజు ముందు నడిచాడు, నేను వెనక. గిర్దావర్ ఆయాసపడుతూ, నన్నూ నా అర్జీనీ కలిపి తిట్టుకుంటూ వచ్చాడు. గుండు ఇంకా యాభై అడుగులు ఉందనగా నా అడుగు ఆగిపోయింది.

చప్పుడు. ఎనభై ఎనిమిదిలో విన్నదానికన్నా గట్టిగా.

సుందర్‌రాజు గుండుకు ఆనుకుని నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి, మా వైపు తిరిగాడు.

"సూసిన్రా సార్? సప్పుడే లేదు."

గిర్దావర్‌కు కోపం నషాళానికంటింది. "ఏందయ్యా, మజాకులాడుతున్నవా? గింత మోత అవుతుంటె..."

నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. సుందర్‌రాజు ఆయన పెదవుల వైపే చూస్తున్నాడు. నా వైపు తిరిగి, నా పెదవుల వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఛీ, ఇన్నేళ్ళు పక్కన పనిచేసి! నా మీద నాకే అసహ్యం వేసింది.

"దిగుదాం" అని చేత్తో చూపించాను.

"నీళ్ళు లేనికాడికి ఎందుకు తమ్మీ?" అంటూనే దిగాడు.

రాళ్ళ మలుపు తిరిగాం. ధార నిండుగా దూకుతోంది. తుంపర మా ముఖాల మీద పడుతోంది. సుందర్‌రాజు దగ్గరికి పోయి నీళ్ళలో చెయ్యి పెట్టాడు. రెండు చెవులూ అరచేతులతో మూశాడు, తీశాడు. మళ్ళీ మూశాడు, తీశాడు. గిర్దావర్ తల వంచుకుని గొడుగు ముడవసాగాడు.

సుందర్‌రాజు నా దగ్గరికి వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి తెలియదు. అంత మోతలోనూ ప్రతి మాటా నాకు వినిపించింది.

"అయితె మీరు నన్ను పిలుస్తనే ఉంటిరా తమ్మీ? బస్టాపుల, క్యాంటీన్ల... పిలుస్తనే ఉంటిరా? నేనే ఇనకపోతినా? నాతోని ఎవ్వలు మాట్లాడుత లేరని ఇన్నేండ్లు ఏడ్చిన."

మూడేళ్ళుగా ఎవరమూ పిలవలేదు. నేనైతే ఆ పత్రిక చింపిన రోజునుంచే పిలవలేదు.

అవునని తల ఊపాను.