పదకొండో రోజున కట్టించుకున్న పళ్ళు

ఆ రోజు వేల్పూరు రైతు గంగారెడ్డి తెచ్చిన బస్తాలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, కుడివైపు పళ్ళ మధ్య పెట్టి కొరికాను. టక్కుమంది. బాగా ఎండిందని చెప్పబోయి ఆగాను. నాలుక మీద గట్టి పలుకు ఒకటి తగిలింది. చేతిలోకి ఉమ్మి చూస్తే అది కొమ్ము ముక్క కాదు, నా పన్ను.

"నా పసుపు పచ్చిగున్నదంటవేమోనని గుబులువడ్డ. నీ పన్నే పచ్చిగున్నదేందే అన్నా!" అని గంగారెడ్డి నవ్వాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లోపల బెదిరాను. ఆర్మూరు పసుపు అంగడిలో నా పనే అది. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి, కొమ్ము కొరికి, ఎండిందో లేదో చెప్పాలి. నేను "ఇంకా రెండు ఎండలు" అంటే రైతు కుప్పను మళ్ళీ ఆరబోస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా రెండు పక్షాలూ నా పళ్ళను నమ్మాయి. అవి పోతే అంగడికి నాతో పనేముంది?

విరిగింది కింది దవడలో కోరపన్ను వెనకది. దాని పక్కది కూడా కదులుతోంది. నాలుగు రోజులు లవంగం పెట్టుకుని ఓర్చుకున్నాను. అయిదో రోజున చెంప వాచింది. బస్సులు ఆగేచోట గాజుపెట్టెలో పళ్ళ సెట్లు పేర్చుకుని కూర్చునే ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి వెళ్తే రెండు పళ్ళూ పీకాడు.

నా మొదటి తప్పు అక్కడ మొదలైంది. మా వైపు చెయ్యి తెగినా కాలు తెగినా ముందు పసుపు అద్దుతాం. ఇంట్లో మేలైన పసుపు ఉంది. నా భార్య లక్ష్మి మెత్తగా దంచి ఇచ్చింది. రోజుకు మూడుసార్లు పాతది వేలితో గీకి తీసేసి, కొత్తది ఆ గుంటల్లో కుక్కాను.

నొప్పికి పదికి ఇన్ని అని నాకు నేనే మార్కులు వేసుకునేవాణ్ణి. తొలిరోజు ఆరు. రెండోరోజు నాలుగు. మూడోరోజు రెండుకు దిగాల్సింది, తొమ్మిదికి ఎక్కింది. పోటు చెవిలోకి పాకింది.

"జర నిజామాబాద్ దవాఖానకు పోరాదు?" అంది లక్ష్మి.

"సీజన్ల నేను పోతే అంగట్ల పసుపెవలు సూస్తరు?"

"నీ నోరెవలు సూడాలె మరి?"

నేను వెళ్ళలేదు. ఎనిమిదో రోజుకు పోటు కొంత తగ్గడంతో అంతా సర్దుకుంటోందని లెక్క కట్టాను. ఖాళీ కనిపించకుండా పళ్ళు పెట్టించుకోవాలని మళ్ళీ ఆ గాజుపెట్టె ఆయన దగ్గరికే వెళ్ళాను.

"తీసి పెట్టుకునే సెట్టు ముసలోళ్ళకు. నీకు కదలకుంట కడ్త. మక్క కంకి కొరుక్కో, మస్తుగుంటది" అన్నాడు.

"పుండు మానాలె గదా?"

"పైన పన్నుంటే లోపట అదే మానుతది. ఫికర్ జెయ్యకు."

పళ్ళు పీకిన పదకొండో రోజున, అటూ ఇటూ ఉన్న నా పళ్ళకు తీగ చుట్టి, గులాబి రంగు ముద్ద పోసి, రెండు పెట్టుడు పళ్ళు నిలబెట్టాడు. ముద్ద గట్టిపడుతుంటే చిగురు చురచుర కాలింది.

తొమ్మిది రోజులు బాగానే ఉన్నాను. ఎడమవైపుతో కొమ్ములు కొరికాను. పదో రోజున నోట్లో ఉప్పు రుచి, కుళ్ళు వాసన. మాట్లాడుతుంటే లక్ష్మి ముఖం తిప్పుకుంది. మామూలుగా నా నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టేవి. ఆ రోజు రెండే పట్టాయి. మరో రెండు రోజులకు ఒకటి. పలచటి గటుక జావ తాగడం కూడా కష్టమైంది. బస్సుల దగ్గరికి పరుగెత్తితే గాజుపెట్టె లేదు. "భీమ్‌గల్ దిక్కు పోయిండు" అని ఎవరో అన్నారు. నేనే ఊడదీద్దామని తీగ పట్టి లాగాను. పెట్టుడు పళ్ళు రాలేదు, వాటి పక్కనున్న నా పళ్ళు కదిలాయి. ఇది ఎన్ని రోజులకు తగ్గుతుంది, ఇంకా ఎంత పోతుంది, దేనికీ లెక్క అందలేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగను.

నిజామాబాదులో పళ్ళ డాక్టరు టార్చి వేసి చూసి, "పీకిన ఎన్నాళ్ళకు కట్టాడు?" అని అడిగాడు.

"పదకొండు దినాలకు సారూ."

"పన్ను తీసిన గుంట, సాకెట్, మానకముందే మూత వేశాడు. కింది చీము ఎటు పోవాలి?"

పసుపు సంగతి కూడా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఆర్మూరు వాడివి, పసుపును తిట్టనులే. పన్ను తీశాక గుంటలో రక్తం గడ్డ కడుతుంది చూడు, బ్లడ్ క్లాట్, అదే అసలు మందు. దాన్ని రోజుకు మూడుసార్లు నువ్వే తవ్వి పారేశావు. గుంట ఎండి ఎముక బయటపడింది, డ్రై సాకెట్ చేసుకున్నావు."

ఎక్స్‌రే తీశారు. ఫిల్ము ఆరేదాకా బల్ల మీద కూర్చున్నాను. ఎముక కుళ్ళితే దవడ కోస్తారని పక్కనున్న రోగి చెప్పాడు. లక్ష్మి అతన్ని కసిరి, నా చెయ్యి వదలకుండా కూర్చుంది.

"ఇన్ఫెక్షన్ ఎముక అంచు దాకా వచ్చింది. దవడ దక్కుతుంది. తీగ కట్టిన పళ్ళు మాత్రం దక్కవు" అన్నాడు డాక్టరు.

తీగ కోసి, ముద్ద ఊడదీసి, నా పళ్ళు మరో రెండు తీశారు. ఆసుపత్రిలోనే ఉంచి పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టారు. నాలుగో రోజున జ్వరం ఎక్కింది. లోపల విరిగిన ఎముక పెళ్ళ గోరంతది మిగిలిపోయిందని మళ్ళీ కోసి తీశారు. ఆ తర్వాత రోజూ పొద్దున నోట్లో వేళ్ళు పెట్టి కొలుచుకున్నాను. ఒకటి, ఒకటిన్నర, రెండు. పదహారో రోజున మూడు పట్టాయి. లక్ష్మిని పిలిచి చూపించాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అన్నాడు: "ఆరు నెలలు ఖాళీగా ఉంచు. మళ్ళీ ఫిల్ము చూశాకే డెంచర్, తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు."

"దాంతోని పసుపు కొరకొచ్చునా సారూ?"

"అన్నం నమలడానికయ్యా అది."

ఇప్పుడు నాకు నాలుగు పళ్ళ డెంచర్ ఉంది. తిన్న ప్రతిసారీ తీసి కడుగుతాను. రొట్టె తుంచి పులుసులో నానబెట్టుకుంటాను. పసుపు కొరకను. కొమ్మును చేత్తో విరిచి, చప్పుడు విని, లోపలి రంగు చూసి చెబుతాను. కొందరు కొనుగోలుదార్లు వేరే మనిషి దగ్గరికి పోయారు. గంగారెడ్డి మాత్రం తర్వాతి సీజనులో బస్తా విప్పి నా ముందు పెట్టి, "విరిశి చెప్పు అన్నా. తెల్వకుంటే తెల్వదను, గంతే" అన్నాడు. అనుమానం వచ్చినప్పుడు తెలియడం లేదనే అంటున్నాను. ఆ మాట అనడం ఈ వయసులో నేర్చుకున్నాను.

పన్ను పెట్టించుకోబోయేవాళ్ళకు ఒకటే చెబుతాను. నోరు తెరవకముందే, "ఆరు నెలలకు నువ్వు ఎక్కడ దొరుకుతవు?" అని పెట్టేవాణ్ణి అడగండి. పుండు మానేదాకా ఆగగలిగినవాడే దానికి జవాబు చెప్పగలడు. జవాబు రాకపోతే ఖాళీ చిగురుతో ఇంటికి రండి. మానిన ఖాళీ చిగురు నన్ను ఒక్కనాడూ ఏడిపించలేదు.