బస్సు పైన చెక్కలు

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కితే, నా పక్క సీటాయన కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సు పైన తాళ్లతో కట్టిన తన చెక్కలు కదిలాయేమోనని చూస్తున్నాడు. నడుముకు కొలత టేపు ఉంది. ఇళ్లకు ఇంటీరియర్ డిజైన్ చేస్తాడట. తల్లాడ దాటేదాకా ఫోన్లో కూతురితోనే మాట్లాడాడు.

"రాత్రి బువ్వకల్లా వస్త బిడ్డా. అమ్మను సతాయించకు."

అడవి మొదలై సిగ్నల్ పోయాక అడిగాను.

"ఎవరింట్లో అల్మారాకండీ, ఆ చెక్కలు?"

"అల్మారా కాదు సార్. పనుల్ల మిగిలిన ప్లైవుడ్ జమ చేస్త. మా చర్చిల లేనోళ్ల ఇంట్ల ఎవరన్న పోతే పెట్టె నేనే చేస్త. కోసుకొని తెచ్చిన. ఆడ మేకులు కొట్టుడే."

బస్సెక్కేటప్పుడు నేను చూశాను. ఆ చెక్కలు చాలా పొట్టివి.

కొత్తగూడెం అవతల ఒక మలుపులో బస్సాగింది. రోడ్డు మీద ఒకతను చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"అన్నా, పిల్లకు ఊపిరి ఇంకా ఆడుతున్నది. పొద్దుగాల పోయిందనుకొని నీకు ఫోన్ చేసినం."

నా పక్క సీటాయన దిగి, నిచ్చెన ఎక్కబోతున్న కండక్టర్ చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పాడు.

"దించకు భాయ్. ఆ తండ్రి కండ్ల పడొద్దు. వాపసు వచ్చేటప్పుడు ఈడ ఒక్కసారి ఆపు."

నడుముకున్న టేపు తీసి చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ తండ్రి భుజం మీద చెయ్యేసి అడవి బాటలోకి నడిచాడు.

భద్రాచలం దాకా, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆ చెక్కలు నా తల మీద దడదడమంటూనే ఉన్నాయి. అక్కడ కండక్టర్ అందరి సామానూ దించాడు. అవి మాత్రం పైనే ఉన్నాయి, తిరుగు ప్రయాణానికి.