సగంలో ఆగిన తిట్టు

చొప్పదండిలో నా కంటే పెద్దవాళ్ళ ముక్కుపుల్లలు చాలావరకు లక్ష్మీరాజం తాత చలవే. ముక్కులు దేవుడిచ్చాడు, వాటికి రంధ్రాలు తాత పెట్టాడు.

ఆయన అవుసలి, బంగారం పని చేస్తాడు. బస్టాండు దారిలో చిన్న దుకాణం. ఒక చెక్కపెట్టె, ఒక కుంపటి, గోడకు పాదరసం పోయిన అద్దం. దానికి ఎదురుగా పద్మక్క మ్యాచింగ్ సెంటర్. పదో తరగతి మధ్యలో బడి మానేశాక నేను అందులో కుదిరాను. లైనింగు గుడ్డ కత్తిరించడం, చీరలకు ఫాల్స్ కుట్టడం నా పని. బేరాలు అక్కే చూసుకుంటుంది. నాకు మాటలు రాక కాదు, అవి గొంతు దాటి రావు. అందుకని చూస్తుంటాను. కుట్టుకుంటూ తలెత్తితే కనిపించేది తాతే.

తాత ముక్కు కుట్టే తీరు వేరు. పిల్లను పీట మీద కూర్చోబెడతాడు. పెన్నుతో ముక్కు మీద చుక్క పెడతాడు. మొన సానబెట్టిన సన్నటి బంగారు తీగను వేళ్ళ మధ్య దాచుకుంటాడు. ఆ తర్వాత ముక్కు జోలికి పోడు, ఆ పిల్ల ఊరి జోలికి పోతాడు.

"ఏ ఊరు పిల్లా మీది? ఓ, ఆ ఊరా! మీ ఊరోళ్ళు బతుకమ్మ పేరుస్తరా, గడ్డికుప్ప పెడతరా? మొన్న దూరం నుంచి చూసి ఎవలదో గడ్డివాము అనుకున్న."

ఏ ఆడపిల్ల ఊరుకుంటుంది? "మా బతుకమ్మ నీ దుకాణం కన్న ఎత్తు ఉంటది, నువ్వు ఎన్నడన్న" అనేలోపు తీగ అవతలికి వచ్చేస్తుంది. తిట్టు సగంలో ఆగిపోతుంది. మిగతా సగం కన్నీళ్ళలో, తుమ్ముల్లో కలిసిపోతుంది. తాత తీగను మెలిపెట్టి చిన్న రింగు చేసి, కొబ్బరినూనెలో కలిపిన పసుపు అద్ది, "అయిపాయె, ఇగ తిట్టు" అంటాడు. అప్పటికి ఎవరికీ తిట్టు గుర్తుండదు.

తాతకు మాత్రం అన్నీ గుర్తుంటాయి. మా పద్మక్క ముక్కు కుట్టించుకున్నప్పుడు చిన్నపిల్ల. ఇప్పుడు ఆమె కూతురు డిగ్రీ చదువుతోంది. అయినా దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆనాడు సగంలో ఆగిన తిట్టు గురించి అడుగుతాడు.

"పద్మా, మీ బాపు నా లెక్క కాదంటివి. నా లెక్క ఏం కాదో చెప్పకనే పోతివి."

"నీ లెక్క ఊరందరి ముక్కుల ఏలు పెట్టేటోడు కాదంటున్న, పో!"

ప్రతిసారీ అక్క కొత్త జవాబు చెబుతుంది. ప్రతిసారీ ఆయన తల అడ్డంగా ఊపుతాడు. "ఆనాటిది ఇది కాదు" అంటాడు.

ఈ మధ్య తాత చెయ్యి వణుకుతోంది. చాయ్ సాసర్లో పోసుకుంటే సగం పంచె తాగుతుంది. మొన్న రుచిత అనే పిల్లకు రంధ్రం చుక్క మీద కాక కాస్త పైకి పడింది. వాళ్ళమ్మ వచ్చి బజారంతా వినేట్టు గొడవ చేసింది. ఆ రోజే తాత కోడలు రోజారాణి కరీంనగర్ పోయి ముక్కులు కుట్టే గన్ను కొనుక్కొచ్చింది. దుకాణంలోనే ఒక కుర్చీ వేసుకుని, "మామా, ఇగ నువ్వు కూసో. నేను చూసుకుంట" అంది. కోపంతో కాదు, ఆయన పరువు పోతుందన్న ఫికరుతో. వచ్చిన పిల్లలంతా ఆ కుర్చీ వైపే పోయారు. తాత మూలన కూర్చుని, ఎవరూ అడగని తీగను రోజూ సానబెడుతూ ఉండేవాడు.

నేను చూస్తూనే ఉన్నాను కదా, నాకొకటి తెలిసింది. చాయ్ తాగేటప్పుడు వణికే చెయ్యి, కూరగాయలావిడతో వంకాయల మీద కొట్లాడేటప్పుడు వణకదు. రోజారాణక్క కసిరినప్పుడు ఆయన చేతిలో సాసరు బల్ల మీద పెట్టినట్టు నిలబడుతుంది. మరి రుచిత? ఆ పిల్ల చాలా బుద్ధిమంతురాలు. "మీ ఊరోళ్ళది గడ్డికుప్ప" అంటే "అవును తాతా" అంది. "మీ అవ్వ కూరల ఉప్పెయ్యదు" అంటే దానికీ "అవును తాతా" అంది. తీగ దారి తప్పింది.

ఇన్నేళ్ళూ ఆ మాటలు పిల్లల భయం పోవడానికని అందరం అనుకున్నాం. కాదు. ఎదురుగా ఎవరైనా తిడితేనే తాత చెయ్యి నిలుస్తుంది. ఆ సంగతి తాతకే తెలియదు.

నాకు ముక్కుపుల్ల మీద మనసు పడి చాలా కాలమైంది. కుట్టించుకున్న ప్రతి పిల్లా ఆ మసక అద్దంలో చూసుకుని కొత్త మనిషిలా దుకాణం మెట్లు దిగేది. ఒకరోజు మధ్యాహ్నం ఫాల్స్ పక్కన పెట్టి రోడ్డు దాటాను.

"ఏం జమునా, ముక్కు కుట్టించుకుంటవా? కూసో" అంది రోజారాణక్క గన్ను తీస్తూ.

నేను మూలకు వేలు చూపించాను.

అక్క ముఖం మాడింది. తాత ముఖం వెలిగింది. "మామా, ఇదే ఆఖరు. ఇది గూడ వంకర పోతే తీగ పెట్టెల పెట్టుడే" అంది అక్క.

"పెడుత తియ్" అన్నాడు తాత. పీట దులిపాడు.

చుక్క పెట్టాడు. తీగ దాచుకున్నాడు. "పిల్లా, మీ ఊరోళ్ళు బతుకమ్మ పేరుస్తరా..." అని మొదలుపెట్టాడు. ఆ తర్వాతి మాటేమిటో నాకు ముందే తెలుసు. గడ్డికుప్ప వచ్చింది, ఉప్పు లేని కూర వచ్చింది. కోపం రాకపోగా నవ్వు వచ్చింది. "మీ బాపు నేసిన బట్టల దోమలు దూరుతయట గద" అని కొత్తదొకటి కూడా వేశాడు పాపం. మా బాపు ఇంట్లో రోజూ ఆ మాటే అంటాడు.

తాత దగ్గర మాటలు అయిపోయాయి. తీగ మొన నా కంటి ముందు ఈగలా తిరుగుతోంది. వెనుక రోజారాణక్క నిట్టూర్చింది.

తిట్టాలి. నేను! అది కూడా పెద్దమనిషిని, నడిబజారులో. తిట్టేందుకు ఏముందా అని వెతికితే, ఒకటి ఎప్పటి నుంచో కడుపులో ఉండనే ఉంది.

"మా కత్తెర ఏది తాతా?"

తాత ఉలిక్కిపడ్డాడు. "ఏం కత్తెర?"

"నీలం పిడిది! దసరా ముందర పద్మక్క లేనప్పుడు అడుక్కొని పోయినవు! అప్పటి సంది నేను మొండి కత్తెరతోని గోకుతున్న! నేనే పారేసిన్నని అక్క నన్ను తిడుతుంటే, నువ్వు ఈడ కూసోని చాయ్ తాగుకుంట ఇన్నవు! పెద్దమనిషివి, నీకు జర గూడ..."

చీమ కుట్టినట్టయింది. తర్వాత కళ్ళు నిండాయి. ఆ తర్వాత ఏడెనిమిది తుమ్ములు. రోడ్డు అవతల పద్మక్క చేతిలో చీర పట్టుకుని నోరు తెరిచి నిలబడి ఉంది. నా గొంతు అంత దూరం పోతుందని ఆమెకే కాదు, నాకూ తెలియదు.

రోజారాణక్క నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. ఇటు చూసింది, అటు చూసింది. చుక్క కోసం వెతికింది. చుక్క లేదు, దాని చోట సరిగ్గా రింగు ఉంది.

"సూటిగనే ఉన్నది" అంది, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

"మరి! చెయ్యి ఎవలిది?" అన్నాడు తాత.

పోయే ముందు రోజారాణక్క చెవిలో ఆ చెయ్యి గుట్టు చెప్పాను. ఆమె మామ వైపు చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాటి నుంచి ఆ దుకాణంలో కొత్త పద్ధతి వచ్చింది. వచ్చిన పిల్లను ముందు అక్క రెండు మాటలు కదిలిస్తుంది. నోరున్న పిల్లయితే తాత పీటకు, బుద్ధిమంతురాలైతే గన్ను కుర్చీకి. అది అక్క ఏర్పాటని తాతకు తెలియదు. "నోరున్న పిల్లలకే నేనంటే నమ్మకం" అని అందరితో చెబుతుంటాడు.

ఆ మర్నాడే పొద్దున తాత మా మ్యాచింగ్ సెంటర్ గుమ్మం ముందుకు వచ్చాడు. పద్మక్క ఇంకా రాలేదు.

"ఇగో పిల్లా, మీ కత్తెర. పెట్టె అడుగున దొరికింది" అని బల్ల మీద పెట్టాడు. "అవ్‌గనీ, నిన్న నీకు జర గూడ అని ఆపితివి. జర గూడ ఏంది?"

కత్తెర చూశాను. పిడి నీలం కాదు, ఎరుపు. అది మాది కాదు, పక్క వీధి టైలరుది. ఆయన పోయిన నెలంతా దాని కోసం వెతుక్కున్నాడు.

ముక్కు ఇంకా సలుపుతోంది. తాత చేతులు చూశాను, రెండూ ఖాళీ. ఈసారి నా మాటను సగంలో ఆపడానికి ఆయన దగ్గర తీగ లేదు.

గొంతు సవరించుకున్నాను.