ముల్లు గుచ్చి చూసి కొన్న టైర్లు

నేను పిరికిదాన్ని. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. తొంభైల మొదట్లో మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన సముద్రం వైపున్న రొయ్యల చెరువులన్నీ తిరిగి, నీళ్ళు చూసి, రోగాలకు మందులు చెప్పేవారు. అందుకోసం ఒక పాత జీపు కొన్నారు. చెరువుల దాకా రోడ్డుండదు. సర్కారు తుమ్మ పొదల మధ్య బండ్ల జాడ, అది దాటితే సముద్రం పోటు వచ్చినప్పుడల్లా మునిగే చవిటి బురదనేల, పర్ర. ఒకసారి తుమ్మముళ్ళకి రెండు చక్రాలు ఒకేసారి పంచరయ్యాయి. ఉన్న స్టెప్నీ ఒకటే. ఆయన రాత్రంతా నడిచి పొద్దున్నే ఇల్లు చేరారు. అప్పటికి నేను మొక్కని దేవుడు లేడు. ఆయన తాపీగా కాళ్ళు కడుక్కుని "కాఫీ ఉందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. భయమంటే తెలియని మనిషితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ టైరులోంచి తీసిన వేలెడంత ముల్లుని కుంకుమ పొట్లం కాగితంలో చుట్టుకుని తెనాలి బయల్దేరాను. మా ఆయనా వెంట వచ్చారు. టైర్ల కొట్టు ముసలాయన చూపించిన ప్రతి టైరు మీదా ఆ ముల్లు పెట్టి బొటనవేలితో నొక్కి చూశాను.

"అవి వంకాయలు కాదమ్మా," అని నవ్వాడు ముసలాయన.

"పుచ్చు వంకాయ వస్తే పారేస్తాను బాబాయిగారూ. మనిషికేమైనా అయితే ఏం చెయ్యను?"

ఆయన నవ్వు ఆపేశాడు. చివరికి లోపలినుంచి ఒక టైరు దొర్లించుకొచ్చాడు. లారీ టైరంత మందం, పక్కలు కూడా చెక్కలా గట్టిగా ఉన్నాయి. నొక్కితే నా ముల్లే విరిగింది. ఇదే కావాలన్నాను.

"ముల్లుకి మంచిదేనమ్మా, బురదకి కాదు. బండి దిగబడ్డప్పుడు గాలి కాస్త తీస్తే టైరు వెడల్పుగా పరుచుకోవాలి, అప్పుడే పైకొస్తుంది. దీని పక్కలు వంగవు. ఆ రెండోది చూడండి, పక్కలు మెత్తన."

మెత్తన అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మా ఆయన నా మొహం చూసి డబ్బులు తీశారు. నాలుగు చక్రాలకీ అవే బిగించారు.

రెండు నెలల్లో ఒక్క పంచరు లేదు. ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా నేను కంటినిండా నిద్రపోయేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అప్పుడే బాపట్లలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలయ్యాక, దారిలో ఒక చెరువు చూసి పోదామని మా ఆయన జీపుని సముద్రం వైపు తిప్పారు. తుమ్మకంప చక్రాల కింద పటపటా విరుగుతుంటే "చూశారా నా టైర్లు!" అన్నాను.

పర్రలో దిగిన కాసేపటికే జీపు ఆగిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోపలికి దిగాయి. దూరంగా నీళ్ళు మెరుస్తున్నాయి.

"పోటు మొదలైంది," అన్నారాయన, పాలవాడొచ్చాడు అన్నంత మామూలుగా. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయన దిగి చేతులతో బురద తవ్వడం మొదలుపెట్టారు. "వాల్వులో పుల్ల పెట్టి గాలి తియ్యి," అన్నారు.

"గాలి పోకూడదనే కదండీ వీటిని కొన్నది!"

"తియ్యవే."

తీశాను. గాలి బుస్సుమని పోయింది గాని టైరు పరుచుకోలేదు. మొండిగా అలాగే నిలబడింది. తెనాలి ముసలాయన మాట నా చెవికి అప్పుడెక్కింది.

నీళ్ళు పాదాల మీదికొచ్చాయి. ఆయన చక్రం పక్కన బోర్లా పడుకుని తవ్వుతూనే ఉన్నారు. మోచేతులు మునిగాయి. కాలువ ఒడ్డున పుట్టి కూడా ఈత రాని మనిషి. "జీపు పోతే పోయింది, వచ్చెయ్యండి," అని ఏడ్చాను.

"జీపు పోతే తినేదేంటి?" అన్నారు తలెత్తకుండా.

ఆయన్ని ఈ టైర్లే ముంచబోతున్నాయి, వీటిని కొనిపించింది నేనే. ఆ ఆలోచన రాగానే వెనక్కి, తుమ్మ పొదల దాకా పరిగెత్తాను. అందిన తుమ్మకొమ్మనల్లా విరిచి, పట్టుచీర కొంగులో పోగేసి ఈడ్చుకొచ్చాను. ముళ్ళు గుచ్చుకుంటున్నాయని కూడా తెలియలేదు. నాలుగుసార్లు తిరిగాను. ఆ కంపంతా చక్రాల కింద కూరాం. ఆయన ఎక్కి గేరు వేశారు. జీపు ఊగి, మూలిగి, కంప మీదికెక్కి గట్టినేల చేరింది. ఆ ముళ్ళకి కూడా పంచరు కాలేదు. నా టైర్లు చేసిన మేలు అదొక్కటే.

గట్టు మీద కూచున్నాక నా అరచేతిలో విరిగిన ముల్లు తియ్యడానికి ఆయన పిన్నీసు అడిగి తీసుకున్నారు. ఎంతకీ గురి కుదరడం లేదు. పిన్నీసు రెండుసార్లు జారి కింద పడింది. ఆ మనిషి భయపడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇదివరకు కూడా దిగబడిందా?" అని అడిగాను.

"ఈ టైర్లు వేశాక ఇది మూడోసారి."

"మరి నాకు చెప్పలేదేంటండీ?"

ఆయన పిన్నీసు పక్కన పెట్టేశారు. "ఇంటికొచ్చేసరికి నువ్వు హాయిగా నిద్రపోతూ కనిపించేదానివి," అన్నారు.