చేతికి చుట్టిన మిఠాయి వాచీ

నిన్న ఒక రిసెప్షన్‌లో గ్లౌజులేసుకున్న ఒకాయన గులాబీ మిఠాయిని సాగదీసి, పిల్లల మణికట్లకు వాచీలు చుడుతున్నాడు. చివరి ముక్క బుగ్గకు ఊరికే అంటిస్తున్నాడు. కాటన్‌పేట పిల్లకాయలారా, మన మిఠాయి నరసప్ప తాత గుర్తున్నాడా? ఆయనకు గ్లౌజులెక్కడివి! చేతులు చేప పొలుసుల మాదిరి ఎండిపోయి ఉండేవి. "తాతా, ఇది మాకూ వస్తాదా?" అని మనం రోజూ అడిగేవాళ్లం. "పుట్టినప్పట్నుంచీ ఉండాదప్పా, ఎవరికీ రాదు" అని నవ్వేవాడు.

ఒకరోజు మా అమ్మ నా వాచీ పీకి పారేసి, "ఆ రోగం పిల్లలకు అంటిస్తావా?" అని వీధంతా వినేలా అరిచింది. సబ్బుతో నా చెయ్యి కడిగింది. నేను నమ్మినా. మీ అందరికీ చెప్పింది కూడా నేనే. ఆయన మళ్లీ మన వీధికి రాలేదు.

పోయిన వారం నా కొడుకు కాళ్ల మీద అవే పొలుసులు చూసి డాక్టరమ్మ, "ఇది అంటుకోదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అనింది. అమ్మనడిగినా.

"మీ నాయనకు ఉండె."

నాన్న ఎండాకాలంలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఎందుకేసుకునేవాడో అప్పుడర్థమైంది.

"అంటుకోదని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసే. మీ నాయన సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ముందే నేను అరిచినా."

రోజూ నాన్న వీపుకు కొబ్బరినూనె పట్టించిన చేతులే నా చెయ్యి సబ్బుతో కడిగినాయి.