సంధ్య మార్చి చెప్పిన మాట

పాస్టర్ జయపాల్ తెలుగులో ఒక వాక్యం చెప్పి ఆగేవాడు. ఆయనకు ఎడమ పక్కన రెండడుగుల దూరంలో నిలబడిన సంధ్య దాన్ని హిందీలో చెప్పేది. ఆమె చెప్పాక ఆయన మళ్లీ అందుకునేవాడు. సిరిసిల్లలోని ఆ చిన్న మందిరంలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే పద్ధతి. కుడివైపు బెంచీల మీద పాత సంఘం వాళ్లు, ఎడమవైపు చాపల మీద ఒడిశా నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్నాలుగు కుటుంబాలు. ఇటువాళ్లకు హిందీ రాదు, అటువాళ్లకు తెలుగు రాదు.

సంధ్య ఆ ఇద్దరిలో ఎవరి మనిషీ కాదు. కోరుట్లలో పద్మశాలీల ఇంట్లో పుట్టింది. ఇరవయ్యేళ్లకు సిరిసిల్ల వేణుకిచ్చి పెళ్లి చేశారు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాలు నెలల తరబడి ఆగిపోయిన కాలంలో ఆమె ఇంటిపనికి కువైట్ వెళ్లి ఏడేళ్లుంది. ఆ ఇంట్లో వంట చేసే జార్ఖండ్ ఆవిడ దగ్గర హిందీ నేర్చుకుంది, ప్రార్థనా నేర్చుకుంది. కరోనా ఏడాది తిరిగొచ్చి బాప్తిస్మం తీసుకుంది. వేణు అడ్డు చెప్పలేదు. "నువ్వు పో. నన్ను రమ్మనకు, గంతే" అన్నాడు. అత్త రాజవ్వ మాత్రం ప్రతి ఆదివారం గడప దగ్గర కూర్చుని, తెలిసి తెలిసీ "ఎటు పోతున్నవే" అని అడిగేది. నిజం చెబితే ఆ రోజంతా ఇంట్లో పొయ్యి వెలగదు. "పనున్నదత్తా" అని చెప్పి బయటపడటం సంధ్యకు అలవాటైపోయింది.

పాత సంఘం వాళ్లది ఇంకో తీరు. ఊరి చివరి వాడల్లో బతికి, తాతల కాలంలో పైసా పైసా కూడబెట్టి ఆ మందిరం కట్టుకున్నవాళ్లు. వాళ్లు ఆమెను పేరుతో కాక "పద్మశాలోళ్ల కోడలు" అనేవారు. ప్రేమ విందులో అందరికీ విస్తర్లు వేసి ఆమెకొక్కదానికే స్టీలు పళ్లెం పెట్టేవారు. అది మర్యాదే. ఆ మర్యాదే ఆమెను పక్కకు జరిపి కూర్చోబెట్టేది. వద్దంటే నొచ్చుకుంటారని ఆ పళ్లెంలోనే తినేది.

మాట మార్చడం ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఒకసారి బెంచీల మీది ఆడవాళ్లు, "వాళ్ల పోరగాండ్లు బురద కాళ్లతోని లోపటికస్తున్నరు, బుద్ధి లేదా అని అడుగు" అన్నారు. బయట బకెట్లో నీళ్లు పెట్టించామని, పిల్లలు కాళ్లు కడుక్కోవచ్చని సంధ్య హిందీలో చెప్పింది. చెప్పాక తనే వెళ్లి బకెట్ పెట్టింది. ఇంకోసారి ఒడిశా వాళ్లు, ఇక్కడి పాటలు వింటుంటే నిద్ర వస్తోందన్నారు. వాళ్ల పాట ఒకటి పాడాలని ఆశపడుతున్నారని ఇటు చెప్పింది. ఇద్దరూ సంతోషించారు. రెండేళ్లలో ఒక్క గొడవ కూడా రాలేదు. బయటి నుంచి ఎవరొచ్చినా పాస్టర్ వాళ్లకు ఈ సంఘాన్ని చూపించి, "రెండు జాతులు ఒక్కటైనయి" అని గర్వంగా చెప్పేవాడు. ఆ ఐక్యతలో తను కలిపింది ఎంతో సంధ్యకు ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పుకునే వీలు లేదు. చెబితే అంతా ఊడిపోతుంది.

ఆ ఏడు ఆగస్టులో లోక్‌నాథ్ చనిపోయాడు. ఒడిశా వాళ్లకు పెద్దదిక్కుగా ఉండే బిపిన్ దిగల్ తండ్రి ఆయన. అర్థం తెలియకపోయినా తెలుగు పాటలన్నిటికీ గొంతు కలిపే ముసలాయన. పొద్దున్నే బిపిన్, అతని భార్య సుమిత్ర పాస్టర్ ఇంటికి వచ్చారు. సంఘ పెద్ద లాజరును, సంధ్యను పిలిపించారు. సంఘానికి మందిరం వెనకాల సమాధుల తోట ఉంది. అక్కడ తండ్రిని పెట్టుకోనిస్తారా అని బిపిన్ అడిగాడు.

లాజరుకు డెబ్భై దాటాయి. మాట నెమ్మది, కానీ వెనక్కి తీసుకోడు. "కాదని చెప్పు బిడ్డా. గా జాగ మేము కూడబెట్టి కొనుక్కున్నది. ఇయ్యాల ఒకలకు ఇస్తే రేపు ఇంకొకలు అడుగుతరు. ఆఖరికి మావోళ్లకు ఏడ ఉంటది? బయటి నుంచి అచ్చినోళ్లకు ఇయ్యం."

సంధ్య పాస్టర్ వైపు చూసింది. ఆయన బైబిలు అట్ట మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు. సుమిత్ర కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడానికి సంధ్యకు నోరు రాలేదు.

"తోటలో ఎక్కడ తవ్వినా బండ తగులుతోందట, ఇక గుంత తీసే వీలు లేదట. మీ నాన్న కోసం పెద్దాయన చాలా బాధపడుతున్నాడు" అని హిందీలో చెప్పింది.

బిపిన్ చేతులు జోడించి లాజరుకు దండం పెట్టాడు. కాదన్నందుకు ఎదురు తిరుగుతారనుకున్న లాజరు ఆ దండానికి తడబడ్డాడు. వాళ్లు వెళ్లాక పాస్టర్ గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "మంచిగ సముదాయించినవమ్మా" అన్నాడు. ఆయనకు హిందీ మాట్లాడటం రాదు కానీ కొంచెం అర్థమవుతుంది. ఆయనకు తెలుసునని సంధ్యకు అప్పుడు తెలిసింది. ఆ అబద్ధం ఇక తన ఒక్కదానిదే కాదనుకుంటే బరువు తగ్గాలి. తగ్గకపోగా గొళ్లెం బయటి నుంచి పడ్డట్టు అనిపించింది.

లోక్‌నాథ్‌ను ఊరి బయట మునిసిపాలిటీ స్థలంలో, చెత్తకుప్పలకు కాస్త అవతల పూడ్చారు. మరుసటి ఆదివారం సుమిత్ర బియ్యప్పిండితో పిఠాలు చేసి తెచ్చి, మా దుఃఖంలో తోడున్నారని అందరికీ పంచింది. లాజరు రెండు తిన్నాడు. సంధ్య తనకిచ్చిన దాన్ని కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకుపోయింది, తినలేకపోయింది.

పదిహేను రోజులకు జగిత్యాల సభల నుంచి పాస్టర్‌కు పిలుపు వచ్చింది. అక్టోబరులో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే సభలవి. ఈ రెండు జాతుల ఐక్యత గురించి అక్కడ సంధ్య సాక్ష్యం చెప్పాలట. "నాతోని గాదు పాస్టర్ గారూ" అంది. "నువ్వు గాకపోతే ఎవలు చెప్తరమ్మా? పేరు సుత ఇచ్చిన" అన్నాడాయన. ఇంట్లో బీడీలు చుడుతూ ఆ సాక్ష్యాన్ని మనసులో ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి వాక్యం దాటేది కాదు. ఆకు చినిగిపోయేది.

సెప్టెంబరు నడుమ లాజరు మరదలు దేవవ్వ చనిపోయింది. ఆమెకు సమాధుల తోటలో గుంత తీశారు. మట్టి వేయడానికి ఒడిశా వాళ్లూ వచ్చారు. గుంత పక్కన నడుమెత్తు ఎర్రమట్టి కుప్ప. అందులో గులకరాయి కూడా లేదు. సుమిత్ర ఆ కుప్ప పక్కన నిలబడి మెత్తటి మట్టిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత సంధ్య వైపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం సుమిత్ర ఇంటికే వచ్చింది. సంధ్య ఒళ్లో బీడీల చాట ఉంది. రాజవ్వ లోపల పడుకుని ఉంది.

"దీదీ, బండ ఏదీ?" అని అడిగింది సుమిత్ర.

"ఆ మూలన లేదట" అంది సంధ్య. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే తనకే అసహ్యం వేసింది.

సుమిత్ర గడప దిగింది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ ఆదివారం చాపలు ఖాళీగా ఉన్నాయి. ఆ పై ఆదివారమూ ఎవరూ రాలేదు. పాస్టర్ అలవాటు కొద్దీ వాక్యం చెప్పి ఆగేవాడు. సంధ్య ఖాళీ చాపల వైపు చూస్తూ నిలబడేది. ఎవరికి చెప్పాలి?

"నువ్వు పోయి మాట్లాడమ్మా. నీ మాటే వింటరు" అన్నాడు పాస్టర్.

"పద్మశాలోళ్ల కోడలే తీస్కరావాలె" అన్నారు బెంచీల మీది ఆడవాళ్లు.

ఆమె వెళ్లింది. సాంచాల షెడ్డు వెనకాల వరసగా ఉండే గదుల్లో ఒకదాంట్లో బిపిన్ వాళ్లుంటారు. గోడ అవతల మగ్గాల చప్పుడుకు గిన్నెలు సన్నగా అదురుతున్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే మొత్తం చెప్పింది. బండ లేదని, పెద్దాయన అన్నది ఫలానా మాటని, దాన్ని తనే మార్చానని. అంతకు ముందు మార్చినవి కూడా గుర్తొచ్చినన్ని చెప్పింది.

బిపిన్ లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నేను ఆయనకు దండం పెట్టాను. మా నాన్నను వద్దన్న మనిషికి నాతో దండం పెట్టించావు దీదీ. ఇక రావద్దు" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా లాజరు ఇంటికి వెళ్లి ఆయనకూ చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నా మాటను నువ్వెందుకు మార్చినవ్? నేను కాదన్న. తప్పో ఒప్పో, గది నా మాట. ఆయన నన్ను తిట్టాల్నంటే తిట్టుకునేటోడు. నేను జవాబు చెప్పేటోన్ని. మమ్ముల ఇద్దర్ని చిన్నపోరల్లెక్క జేసినవ్."

సంధ్య తలవంచుకుంది.

"మా అమ్మ సచ్చిపోతే ఏమైందో ఎర్కేనా నీకు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "మాది కథలాపూర్ దిక్కు ఊరు. శవాన్ని ఆ తొవ్వల తీస్కపోవద్దని ఊరోళ్లు అడ్డం నిలబడ్డరు. పొద్దటి సంది పొద్దు గూకేదాంక మా అమ్మను భుజాల మీద మోసుకుంట నిలబడ్డం. అడ్డం నిలబడ్డోళ్లల్ల మీ సాలోళ్లు సుత ఉండిరి. గందుకే, సిరిసిల్లకు అచ్చినంక కూడు తినక జాగ కొనుక్కున్నం. గా జాగ నాకు మట్టి గాదు."

సంధ్యకు అప్పుడు తనను పక్కకు జరిపే ఆ స్టీలు పళ్లెం ఎందుకో అర్థమైనట్టు అనిపించింది. ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వేం చెప్పకు. నన్ను ఆయన తాన్కి తీస్కపో. నేనన్నది అన్నట్టు చెప్పు. ఆయనన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట తగ్గియ్యొద్దు."

బిపిన్ రావద్దన్న చోటుకే ఆ సాయంత్రం ఆమె మళ్లీ వెళ్లింది. ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా నేల మీద కూర్చున్నారు. కూర్చోవడానికి మిగిలిన చోటు వాళ్ల మధ్యనే. లాజరు, అవును, కాదన్నానని చెప్పాడు. ఎందుకన్నాడో చెప్పాడు, తల్లి శవం సంగతీ చెప్పాడు. సంధ్య ఒక్కొక్క వాక్యాన్నీ ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చింది. 'మీ సాలోళ్లు' అన్న దగ్గర, "మా కులం వాళ్లు" అని తన నోటితోనే చెప్పింది.

బిపిన్ జవాబు కరుకుగా ఉంది. "నీ తల్లిని మోసుకుని నిలబడ్డవాడివి, నా తండ్రిని చెత్తకుప్ప పక్కకు ఎట్లా పంపావు? నీకు తెలియకపోతే క్షమించేవాణ్ణి. నీకు తెలుసు." ఆ మాట సంధ్య లాజరు మొహం మీదే అనాలి. పాత అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, అన్నది అన్నట్టే చెప్పింది.

లాజరు గడ్డం కిందికి దిగిపోయింది. బిపిన్ ఆగలేదు. తన చిన్నప్పుడు తమ ఊళ్లో మందిరాన్ని తగలబెట్టిన రోజున తండ్రి తనను వీపున కట్టుకుని అడవిలోకి పరుగెత్తాడని, మూడు రాత్రులు చెట్లల్లో దాక్కున్నారని చెప్పాడు. వచ్చిన చోట మళ్లీ బయటివాళ్లమేనా అని అడిగాడు. గోడ అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. లాజరు, "నేను చేసింది తప్పే" అన్నాడు. మూడు ముక్కలు. సంధ్య ఆ మూడే చెప్పింది. వాళ్లు కౌగిలించుకోలేదు, ఏడవలేదు. సుమిత్ర లాజరుకు ఒక గ్లాసు టీ ఇచ్చింది. సంధ్యకు ఇవ్వలేదు.

జగిత్యాల సభలకు తాను రానని సంధ్య పాస్టర్‌కు చెప్పింది. వస్తే జరిగిందంతా చెబుతానంది. పాస్టర్ ఆలోచించి పేరు తీయించాడు. ఆ తర్వాతి నెల ఒక ఆదివారం, ఆ రోజు నాకూ అర్థమైంది, ఊరుకున్నాను అని సంఘం ముందు తనంతట తానే ఒప్పుకున్నాడు.

సమాధుల తోట విషయం మీద పెద్దలు మూడుసార్లు కూర్చున్నారు. కేకలు లేచాయి. తొమ్మిది మందిలో నలుగురు చివరిదాకా ఒప్పుకోలేదు. అయినా గోడ వెంట ఉన్న జాగాను ఒడిశా కుటుంబాలకు ఇవ్వాలని తీర్మానం అయింది. ఒక ఇల్లు ఆ కోపంతోనే వేములవాడలో ఇంకో సంఘానికి వెళ్లిపోయింది. ఒడిశా వాళ్లలో తొమ్మిది కుటుంబాలు తిరిగి వచ్చాయి, ఐదు రాలేదు.

లోక్‌నాథ్‌ను మళ్లీ తీసి తేవడానికి బిపిన్ ఒప్పుకోలేదు. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున లాజరు సిమెంటు శిలువ ఒకటి చేయించి మునిసిపాలిటీ స్థలానికి మోయించుకొచ్చాడు. పాస్టర్, ఇంకో ఆరుగురు, బిపిన్, సుమిత్ర ఉన్నారు. మాట కోసం సంధ్యనూ పిలిచారు. శిలువ పాతాక బిపిన్ ప్రార్థన మొదలుపెట్టాడు. హిందీలో కాదు, తమ కొండ ఊళ్ల భాషలో.

లాజరు కళ్లు తెరిచి సంధ్య వైపు వంగాడు. "ఏమంటుండు?"

"నాకు తెల్వది పెద్దయ్యా. గీ భాష నాకు రాదు."

ఆయన తలూపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన పొడుగ్గా సాగింది. ఒక్క మాటా అర్థం కాకపోయినా అయిపోయేదాకా అందరూ అలాగే నిలబడ్డారు. సంధ్య కూడా చేతులు కట్టుకుని నిలబడింది.

దారిలో సుమిత్ర ఆమె పక్కనే, రెండడుగులు ఎడంగా నడిచింది. ఈ పని మానుకుంటానని సంధ్య పాస్టర్‌ను అడిగి చూసింది. "ఇంకెవలున్నరమ్మా" అన్నాడాయన. నిజమే, ఎవరూ లేరు. ఆదివారం పదకొండుకు ఆమె వెళ్లి తన చోట నిలబడింది. పాస్టర్ ఒక వాక్యం చెప్పి ఆగాడు. బిపిన్ ఆమె పెదవులనే చూస్తున్నాడు. లాజరూ చూస్తున్నాడు.