దిష్టి తియ్యొద్దు

ఆ రోజుల్లో ఒకసారి చెప్పి ఊరుకోవడమే కొత్తకోడలికి అందం అనుకునేదాన్ని. ఆ అందమే నా ప్రాణం మీదికి తెచ్చింది. మాది పెడన, మగ్గం ఇల్లు. రొయ్య తింటే దద్దుర్లొచ్చి గొంతు పూడుకుపోతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఇచ్చిందేమో హంసలదీవి దగ్గర, రొయ్య లేందే ముద్ద దిగని ఇంటికి. "అత్తయ్యా, నాకు రొయ్యలు పడవండీ" అన్నాను వెళ్లిన మర్నాడే. "పడకపోవడమేంటే! మీ పెడనలో మంచి రొయ్య దొరక్క అట్టా అంటన్నావు" అంది మా అత్తగారు. నేనింకో మాట అనాల్సింది, అనలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు, నేను చిక్కిపోతున్నానని దిగులు. ఆ దిగుల్తోనే ఓ మధ్యాహ్నం ఎండురొయ్యలు వేయించి, దంచి, సొరకాయ కూరలో కలిపేసింది. ముక్క కంటికి కనపడకపోతే ఒంటికి తెలీదని ఆవిడ నమ్మకం.

వాసన రాలేదా అంటారు, ఆ ఇంట్లో నీళ్లచెంబుకీ రొయ్యవాసనే! రెండు ముద్దలు తిన్నానో లేదో పెదాలు బూరెల్లా పొంగాయి, కళ్లు మూసుకుపోయాయి. "నిన్న కొత్త చీర కట్టుకుని రేవులో నిలబడింది, ఊరి కళ్లన్నీ దీని మీదే!" అంటూ అత్తగారు ఉప్పూ మిరపకాయలూ నాచుట్టూ తిప్పింది. (పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. "చూశావా ఎంత దిష్టో!" అని మళ్లీ తిప్పింది.) నాకు ఊపిరి ఈలేస్తోంది, నాలిక తిరగదు.

అంతలో మా ఆయన పొలం నుంచి వచ్చాడు. కంచంలో కూర వేలితో నాలిక్కి రాసుకుని, "అమ్మా, రొయ్యపొడి వేశావా?" అన్నాడు. "చిటికెడేరా!" (గుప్పెడు.) నన్ను మోపెడ్ ఎక్కించి, పడిపోకుండా పట్టుకోమని వెనక ఆవిణ్ణి ఎక్కించి, అవనిగడ్డ ఆస్పత్రికి తోలాడు. దారంతా ఆవిడ ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో మిరపకాయలు తిప్పుతూనే ఉంది. డాక్టరమ్మ తొడకి ఇంజెక్షన్ పొడిచి, "ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు" అన్నాక గానీ ఆ గుప్పిట విప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా కూర గిన్నె వేరు, గరిటె వేరు.

మా ఆయన ఓ కాయితం రాసి నా పర్సులో పెట్టాడు, "ఎక్కడికెళ్లినా ఇది తియ్యకు" అని. నాకు చదువు రాదు, మందుల పేర్లనుకున్నాను. ఆయన పోయాక, ఇది రాసిపెడుతున్న మా అమ్మాయితో చదివించాను. "ఈమెకి రొయ్యలు పడవు. దిష్టి తియ్యొద్దు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మొహమాటం ఎక్కువ, తను చెప్పదు."

ఇప్పుడు పెళ్లిభోజనాల్లో వంటవాణ్ణి నిలబెట్టి మరీ అడుగుతున్నాను, నా గొంతు పక్కవీధికి వినపడుతుంది. కాయితంలో ఆ చివరి మాట కొట్టేయమ్మా అంటే మా అమ్మాయి కొట్టేసేదే. నేనే అనలేదు. ఆ మొహమాటపు పిల్లని ఎరిగినవాడు ఆయనొక్కడే.